యుద్ధఖైదీ – ఛాయాచిత్రం

1999 మే 27న కార్గిల్ యుద్ధంలో ఫ్లైట్ లెఫ్టినెంట్ కంబంపాటి నచికేత నడుపుతున్న మిగ్-27 విమానం ఇంజను ఆగిపోయింది. పారాచూట్‌తో బయటపడిన ఆయన పాకిస్తాన్ సైనికులకు చిక్కారు. వారం గడిచిన పిమ్మట ఆయనను విడుదల చేయడానికి ఆ దేశం అంగీకరించింది. ఇస్లామాబాదులోని భారత హైకమిషనర్ జి. పార్థసారథికి కబురు వచ్చింది. అప్పగింత పత్రికలవారి సమక్షంలో జరుగుతుందని తెలియగానే ఆయన అందుకు నిరాకరించారు. విడుదల కావలసిన మనిషి చేతికందే వేళ కాదనడం సామాన్యమైన నిర్ణయం కాదు. చివరకు జూన్ 3న నచికేతను అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘానికి అప్పగించారు.

బందీని కెమెరాల ఎదుట నిలబెట్టడం జెనీవా ఒప్పందానికి విరుద్ధమని పార్థసారథి వాదన. 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందంలోని 13వ అధికరణం యుద్ధఖైదీలను హింస, బెదిరింపులనుండే కాక, అవమానాలనుండి, జనకుతూహలంనుండి కూడా కాపాడాలని శాసిస్తుంది. భారత, పాకిస్తాన్‌లు రెండూ ఈ ఒప్పందాన్ని ఆమోదించినవే. ఆ అధికరణంలో ఛాయాచిత్రం అన్న మాట కనిపించదు. అయినా పూర్వం ఖైదీలను వీధులలో ఊరేగించిన పనినే నేడు తెర చేస్తున్నది. పైగా ఊరేగింపు సాయంకాలానికి ముగుస్తుంది, చిత్రం ముగియదు.

అందువల్ల ఫొటో తీసినంత మాత్రాన నేరం కాదు. గుర్తింపు కోసం శిబిరాధికారి తీసి దస్త్రంలో భద్రపరచవచ్చు. ఖైదీ ఎవరో తెలిసేటట్లు దానిని లోకానికి చూపడమే నిషిద్ధం. యుద్ధనేరాన్ని వెల్లడించడం వంటి బలమైన ప్రజాప్రయోజనం ఉన్నప్పుడు మినహాయింపు ఉండవచ్చునని రెడ్‌క్రాస్ వ్యాఖ్యానం. అప్పుడైనా ఖైదీ గౌరవానికి భంగం కలుగరాదు.

2019 ఫిబ్రవరి 27న పట్టుబడిన వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ విషయంలో రెండు రకాల దృశ్యాలు వెలువడ్డాయి. ఒకదానిలో కళ్లకు గంతలు, ముఖాన నెత్తురు. మరొకదానిలో ఆయన తేనీరు సేవిస్తూ మాట్లాడుతున్నారు. గాయపడిన సైనికుని ఆ విధంగా ప్రదర్శించడంపై భారత ప్రభుత్వం తీవ్ర అభ్యంతరం తెలిపింది. రెండవ దృశ్యం మర్యాదగా తోచవచ్చు. కాని బంధించినవారి కెమెరా ముందు బందీ పలికే మాట స్వేచ్ఛగా పలికినదని ఎవరు చెప్పగలరు? ఇదే ప్రశ్న మనకూ వర్తిస్తుంది. 1971 డిసెంబరు 16న ఢాకాలో జనరల్ నియాజీ సంతకం చేస్తున్న చిత్రం చరిత్రకు సాక్ష్యం. అయితే ఆనాడు లొంగిపోయిన సామాన్య సైనికుల ముఖాలను దగ్గరగా చూపే చిత్రాలను అదే కొలతతో సమర్థించలేము.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో ఒక సైనికుని తల్లి కొడుకు జాడ తెలియక ఎదురుచూస్తున్నదనుకుందాం. టీవీలో అతని ముఖం కనిపిస్తే ఆమెకు ప్రాణం లేచివస్తుంది. ఆమెకు ఆ చిత్రం అవమానం కాదు, బ్రతికి ఉన్నాడన్న ఆధారం. ఒప్పందం ఆమెను మరువలేదు. 70వ అధికరణం ప్రకారం ఖైదీ పట్టుబడిన వెంటనే, శిబిరం చేరిన వారం రోజులు దాటకుండా, తన క్షేమం, చిరునామా తెలుపుతూ కుటుంబానికి ఒక కార్డు వ్రాయనివ్వాలి. ఆ తరువాత నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు పంపుకొనే హక్కు 71వ అధికరణం ఇచ్చింది. ఆ కార్డు తల్లి చేతికే చేరుతుంది.