మూడు క్వింటాళ్ల మూత

ప్రెషర్ కుక్కర్‌ను కనిపెట్టింది డెనిస్ పాపిన్ అని పిల్లల క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. తప్పేమీ లేదు. ఫ్రాన్సులో 1647లో పుట్టి, వైద్యం చదివి, పారిస్‌లో శాస్త్రవేత్త హైగెన్స్ దగ్గరా లండన్‌లో మరో శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ దగ్గరా పనిచేసిన ఈయన, 1679లో ఆవిరిని బయటికి పోనివ్వకుండా ఉడికించే పాత్రను శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ వారికి చూపించాడు. 1682 ఏప్రిల్‌లో ఆ సొసైటీ సభ్యులు కొందరికి అందులో వండిన విందు పెట్టాడు. వెళ్లి తిన్నవాళ్లలో జాన్ ఎవెలిన్ ఒకడు. పశువుల ఎముకలు కూడా మెత్తబడి తినేటట్టు తయారయ్యాయని ఆశ్చర్యపోతూ డైరీలో రాసుకున్నాడు.

అంత గొప్ప విందు అయ్యాక ఆ పాత్ర ఇంటింటికీ పాకాలి. పాకలేదు. రెండున్నర శతాబ్దాల పాటు దాన్ని శాస్త్రవేత్తలు వాడుకున్నారు, కార్ఖానాలు వాడుకున్నాయి. పాశ్చర్ శిష్యుడు షాంబర్లాన్ 1879లో దాన్నే మార్చి ఆసుపత్రి పరికరాలను శుద్ధిచేసే ఆటోక్లేవ్‌గా దిద్దాడు. ఇల్లాలి పొయ్యి మీదికి మాత్రం అది ఎక్కలేదనే చెప్పాలి. ఊహ ముందే పుట్టింది, దాన్ని మోసే పదార్థాలు తర్వాత ఒక్కొక్కటిగా పుట్టాయి. కుక్కర్ చరిత్రంటే నా దృష్టిలో ఆ ఎదురుచూపే.

ముందు చిన్న లెక్క. మన కుక్కర్‌లో విజిల్ వచ్చే వేళకు లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఎక్కువ ఉంటుంది. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలకు కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కందిపప్పు తొందరగా ఉడకడానికి ఆ అదనపు ఇరవై డిగ్రీలే కారణం. మూత వ్యాసం 20 సెంటీమీటర్లనుకుంటే దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. అంటే 314 కిలోల తోపు. వంద కిలోల బియ్యం బస్తాలు మూడు మూత మీద కూర్చుంటే ఎంత బరువో, అంత బలం కింది నుంచి పైకి ఎగదన్నుతోందన్నమాట. మనం పక్కనే నిలబడి పోపు పెట్టుకుంటుంటాం.

పాపిన్ ఈ తోపును మందపాటి లోహంతో, మర బిగింపులతో ఆపాడు. ఆపలేనంత పెరిగితే బయటపడే దారి కావాలని ఒక రంధ్రం పెట్టి, దాని మీద తులాదండం, దానికి బరువు వేలాడదీశాడు. నేటి సేఫ్టీ వాల్వులన్నిటికీ తాత అదే. లోపలి వేడి ఎంతో తెలియడానికి మూత మీది గుంటలో ఒక నీటిచుక్క వేసేవాడు. అది ఎంతసేపటికి ఇగిరిపోతుందో లోలకం ఊపులతో లెక్కపెట్టేవాడు. మనం విజిళ్లు లెక్కపెట్టడం కంటే అది కచ్చితమైన పద్ధతి. అయితే లోలకం పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చునే తీరిక ఏ ఇంట్లో ఉంటుంది?

ఇంటి వంటకు పనికొచ్చే లోహం ఏది? పోత ఇనుము గట్టిదేగానీ బరువు, పైగా పెళుసు. ఒత్తిడి మితిమీరితే సాగదు, పగులుతుంది. రాగి వేడిని అద్భుతంగా పంచుతుంది. కానీ పులుసు తగిలితే చిలుం పడుతుంది. మన ఇళ్లలో రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించుకున్నది అందుకే. ఆ కళాయి తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, నీళ్లు లేకుండా పొయ్యి మీద మరిచిపోతే గిన్నె మళ్లీ కళాయివాడి కోసం ఎదురుచూడాల్సిందే.

1880ల దాకా అల్యూమినియం ఉన్నా లేనట్టే. మట్టిలో ఎంత దండిగా ఉన్నా, ఆక్సిజన్‌తో దాని బంధం తెంచడం మహాకష్టం. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు తొడిగింది మూడు కిలోలైనా తూగని అల్యూమినియం ముక్క. ఆనాడు అది ఖరీదైన లోహం, గొప్ప కోసం పెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి కథ మారింది. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో అల్యూమినాను, అంటే అల్యూమినియం ఆక్సైడును, కరిగించి కరెంటు పారించి లోహాన్ని విడదీశారు. ఇద్దరూ పుట్టింది 1863లో, ఇద్దరూ పోయింది 1914లో. వాళ్ల పద్ధతిలోనే నేటికీ ప్రపంచం అల్యూమినియం తీస్తోంది.

కుక్కర్‌కు ఇది దొరికిన వరం. ఇనుములో మూడో వంతు బరువు. సాగే గుణం ఎంతంటే, గుండ్రటి రేకును ప్రెస్సు కింద పెట్టి ఒక్క అతుకు లేకుండా గిన్నెగా లాగొచ్చు. అతుకు లేదంటే ఒత్తిడికి విడిపోయే చోటు లేదు. శుద్ధ అల్యూమినియం మరీ మెత్తన కాబట్టి ఒక శాతానికి కాస్త పైగా మాంగనీసు కలుపుతారు. న్యూయార్క్‌లో ఆల్ఫ్రెడ్ విషర్ 1938లో ఇంటి కుక్కర్‌ను అమ్మకానికి పెట్టాడు. మరుసటి ఏడాది అక్కడి ప్రపంచ ప్రదర్శనలో ప్రెస్టో కుక్కర్ జనాన్ని ఆకట్టుకుంది. అంతలో యుద్ధం వచ్చి అల్యూమినియమంతా విమానాలకు పోయింది. మన దేశంలో హాకిన్స్ కంపెనీ బొంబాయిలో 1959లో మొదలైంది, టీటీకే వారి ప్రెస్టీజ్ కూడా దక్షిణాది వంటిళ్లలో చోటు సంపాదించుకుంది.

అల్యూమినియానికి తుప్పు పట్టదంటారు. నిజానికి గాలి తగిలిన క్షణంలోనే దానికి ఆక్సైడు పొర పడుతుంది. ఇనుప తుప్పులా పెచ్చులుగా ఊడకుండా లోహాన్ని అంటిపెట్టుకుని, దాన్ని కాపాడుతుంది. కుక్కర్ అడుగున నీళ్లు పోసి గిన్నెలు పెట్టి ఉడికించేవాళ్లు ఆ నీళ్లలో చింతపండు రెబ్బో, నిమ్మ చెక్కో వేస్తారు. వేయకపోతే అడుగు నల్లబడుతుంది. మన బోరు నీళ్లలో క్షారగుణం ఉంటుంది, మరిగేకొద్దీ అది ఆక్సైడు పొరను మందం చేసి రంగు మారుస్తుంది. పులుపు ఆ క్షారాన్ని విరిచేస్తుంది. అదే పులుపు చారుగా, పులిహోర పులుసుగా గంటల తరబడి అందులో నిలవుంటే ఆ రక్షణ పొరనే తినడం మొదలుపెడుతుంది. హార్డ్ ఆనొడైజ్డ్ అని నల్లటి కుక్కర్లు అమ్ముతారే, వాటిలో ఈ ఆక్సైడు పొరనే కరెంటు సాయంతో వేల రెట్లు మందం చేస్తారు. రంగు వేసింది కాదది. అల్యూమినాయే, అంటే పింగాణీ కుటుంబానికి చెందిన గట్టి పదార్థం. లోహం ఒంటి మీదే సిరామిక్ పుట్టింది.

లోహం ఎంత నునుపుగా చేసినా లోహం మీద లోహం ఆనితే సన్నటి సందులు మిగులుతాయి. ఆవిరికి అవే చాలు. ఆ సందుల్లోకి ఒదిగే పదార్థం కావాలి, పైగా 120 డిగ్రీల దగ్గర కూడా దాని సాగుడు పోకూడదు. చెట్టు పాల రబ్బరు ఎండకు జిగురై, చలికి కట్టెలా బిగుసుకునేది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో దానికి గంధకం కలిపి వేడిచేస్తే ఆ జబ్బు నయమైంది. పొడవాటి అణుగొలుసులు ఒకదాని మీద ఒకటి జారకుండా గంధకం అక్కడక్కడా ముడులు వేసింది. లాగితే సాగుతుంది, వదిలితే ముడులు వెనక్కి లాగుతాయి. పాపం గుడ్‌ఇయర్ అప్పుల్లోనే పోయాడు. చెట్టు రబ్బరుకు ఇంకో లోపం ఉంది. నూనె తగిలితే ఉబ్బిపోతుంది. నూనె తగలని వంట మన దగ్గర ఏదీ? 1930లలో జర్మన్లు తయారుచేసిన నైట్రైల్ రబ్బరు నూనెకు లొంగదు. కుక్కర్ గ్యాస్‌కెట్లలో ఎక్కువగా కనిపించే జాతి అదే, ఇప్పుడు సిలికోన్ కూడా దాని పక్కన చేరింది.

గ్యాస్‌కెట్‌ను ఒకసారి మూతలోంచి తీసి వేలితో చుట్టూ తడిమి చూడండి. లోపలి అంచున పల్చటి పెదవి ఒకటి ఉంటుంది. ఆవిరి ఆ పెదవి లోపలికి దూరి దాన్ని గిన్నె అంచుకేసి నొక్కుతుంది. తప్పించుకోబోయిన ఆవిరే తన దారి మూసుకుంటుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ పట్టు బిగుస్తుంది. మొదట్లో విజిల్ రాక పక్కల నుంచి బుస్సుమంటోందంటే ఆ పెదవి ఇంకా అంచును అందుకోలేదన్నమాట. ఏడాది వాడాక రబ్బరు గట్టిబడుతుంది, ఎందుకంటే వేడికి, గాలికి గొలుసుల మధ్య కొత్త ముడులు పడుతూనే ఉంటాయి. అలాంటి గ్యాస్‌కెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వాడే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. చల్లదనానికి కాసేపు బిగుస్తుందేమోగానీ, పడిన ముడులు విడవు. కొత్తది కొనడమే పని.

హ్యాండిల్ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. అల్యూమినియం వేడిని ఎంత బాగా పంచుతుందో అంత బాగా చేతినీ కాలుస్తుంది. కొలమానం చెప్పాలంటే, ఉష్ణవాహకత అల్యూమినియానికి 237, స్టెయిన్‌లెస్ స్టీలుకు 15, బేకలైట్‌కు 0.2. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ లియో బేక్‌లాండ్ ఫినాల్‌నూ ఫార్మాల్డిహైడ్‌నూ కలిపి కాచే ప్రయత్నంలో పడ్డాడు. హాల్, ఎరూల్లాగే ఈయన పుట్టిందీ 1863లోనే. అంతకు ముందు ఆ రెండింటినీ కాచినవాళ్లకు నురగలు కట్టి, బుడగలతో నిండిన పనికిమాలిన గడ్డ మిగిలేది. బుడగలు పొంగకుండా ఒత్తిడిలో వేడిచేయాలని బేక్‌లాండ్‌కు 1907లో తట్టింది. అందుకోసం ఆవిరి ఒత్తిడితో పనిచేసే ఇనుప పాత్రను పెట్టుకున్నాడు, దానికి బేకలైజర్ అని పేరు. అంటే కుక్కర్ హ్యాండిల్‌కు వాడే బేకలైట్, పాపిన్ పాత్రకు వరసకు తమ్ముడయ్యే పాత్రలోనే ఉడికి పుట్టింది.

మనం ప్లాస్టిక్ అని ఒకే మాటతో పిలిచేవాటిలో రెండు వేరు కులాలున్నాయి. బకెట్టు, మగ్గు వేడికి మెత్తబడతాయి, కరిగించి మళ్లీ పోయొచ్చు. వాటి గొలుసుల మధ్య ముడులు లేవు. బేకలైట్‌లో మూడు దిక్కులా ముడులే. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, మరీ వేడెక్కితే మాడుతుంది. రబ్బరుకు కొద్ది ముడులు, దీనికి లెక్కలేనన్ని, అంతే తేడా. ఒట్టి బేకలైట్ పెళుసు కాబట్టి చాలావరకు సన్నటి చెక్కపొడి కలిపి అచ్చు పోస్తారు. కుక్కర్ పిడి చాలా ఏళ్ల తర్వాత పగిలిన చోట గరుకుగా కనిపించేది అదే.

ఇక మూత మీద ఓ మూల, ఎవరూ పట్టించుకోని చిన్న బిళ్ల. సేఫ్టీ వాల్వు. తక్కిన పదార్థాలన్నిటినీ నిలబడతాయని ఎంచుకుంటే, దీన్ని మాత్రం సరైన వేళకు ఓడిపోతుందని ఎంచుకున్నారు. బిస్మత్ 271 డిగ్రీలకు కరుగుతుంది, తగరం 232కి. రెండింటినీ 58, 42 పాళ్లలో కలిపితే ఆ మిశ్రమం 138 డిగ్రీలకే నీరైపోతుంది. ఈ తరహా మిశ్రమలోహం వాల్వు రంధ్రాన్ని మూసి ఉంటుంది. నీళ్లుండి విజిల్ పనిచేస్తున్నంతసేపు లోపలి వేడి 120 దగ్గరే ఆగుతుంది. నీళ్లు ఇగిరిపోయినా, విజిల్ రంధ్రంలో పప్పు పొట్టు అడ్డుపడినా వేడి పైకి లేస్తుంది. బిళ్ల కరిగి ఆవిరి బయటపడుతుంది, పప్పు పాడవుతుంది, మనుషులు మిగులుతారు. ఇంత నమ్మకస్తుడైన పదార్థాన్ని తీసేసి కొందరు రిపేరువాళ్లు ఆ రంధ్రంలో మామూలు స్క్రూ బిగిస్తారు. అది రిపేరు కాదు, నేరం. గృహవినియోగ కుక్కర్లకు మన దేశంలో ఐఎస్ 2347 అనే ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తుతో పాటు విడి వాల్వు కూడా అదే కంపెనీదో కాదో చూసుకోవాలి.

స్టీలు కుక్కర్ల గురించి క్లుప్తంగా. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ క్రోమియం కలిపిన ఉక్కును పోతపోశాడు. పులుపుకు చెదరదు, మెరుపు తగ్గదు, కానీ పైన చెప్పిన ఆ 15 అంకె దాని శాపం. మంట తగిలిన చోట మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది. అందుకే అడుగున రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం పలక ఇరికిస్తారు. ఇండక్షన్ పొయ్యిలు వచ్చాక మరో చిక్కు. వాటికి అయస్కాంతం అంటుకునే లోహం కావాలి. నికెల్ ఎక్కువున్న స్టీలుకు అయస్కాంతం సరిగా అంటదు, అల్యూమినియానికి అసలే అంటదు. దాంతో బయటి రేకును నికెల్ లేని వేరే రకం స్టీలుతో వేస్తున్నారు.

ఇంతకీ ఈ అల్యూమినియం ఆకాశం నుంచి ఊడిపడలేదు. తూర్పు కనుమల లాంటి చోట్ల దొరికే బాక్సైట్ నుంచే వస్తుంది. ఒడిశాలోని దమన్‌జోడిలో నాల్కో కంపెనీ తీసే అల్యూమినాలో కొంత విశాఖ రేవు మీదుగా ఓడలెక్కుతుంది. విశాఖ మన్యంలోని బాక్సైట్ కొండల కోసం ఏళ్ల తరబడి గిరిజనులు నిలబడి పోరాడారు, కొండ పోతే కాఫీ తోటలూ ఊటలూ పోతాయని. నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వితే దక్కేది ఒక టన్ను లోహం, దానికి మళ్లీ 14 వేల యూనిట్ల దరిదాపు కరెంటు. పాత సామాను కరిగిస్తే అందులో ఇరవయ్యో వంతు శక్తి చాలు. పాత సామాన్లు కొనేవాడు కుక్కర్ చేతికి అందగానే ముందు గ్యాస్‌కెట్ పీకి, సుత్తితో రెండు దెబ్బలేసి హ్యాండిల్ ఊడగొడతాడు, తర్వాతే తూకం. అల్యూమినియం ఒక బస్తాలోకి, స్క్రూలు ఇనుము బస్తాలోకి వెళ్తాయి. బేకలైట్ ముక్కలు, రబ్బరు అక్కడే వదిలేస్తాడు. ముడులు పడ్డ పదార్థాలను కరిగించే కొలిమి అతని దగ్గరే కాదు, ఎక్కడా లేదు.