నాడి పట్టే చేతికీ ఆసరా కావాలి

అర్ధరాత్రి పాము కరిచిన మనిషిని ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తితే, ముందుగా నాడి పట్టి చూసేది పెద్ద డాక్టరు కాదు. హౌస్ సర్జనో, పి.జి. చదివే జూనియర్ డాక్టరో వచ్చి సెలైన్ ఎక్కిస్తారు. ఆ కుర్రవాడు నిన్న పొద్దున డ్యూటీకి వచ్చినవాడే కావచ్చు. విసుక్కుంటే రోగి బంధువులకు కోపం, పొరపాటు జరిగితే పైవారి చివాట్లు.

జాతీయ వైద్య కమిషన్ వేసిన సంఘం 2024లో ఈ పిల్లల మనోవేదనపై నివేదిక ఇచ్చింది. సంఘానికి జవాబులిచ్చిన 5,337 మంది పి.జి. విద్యార్థులలో నూటికి 31 మంది తమకు చనిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నారు. వారానికి 74 గంటలకు మించి పని చేయించరాదని, వారానికొక రోజు సెలవు ఇవ్వాలని సంఘం సూచించింది. ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటరాదని కేంద్రం 1992లోనే చెప్పింది. కాగితం మీది మాట చాలా వార్డులకు చేరనేలేదు.

పల్లె నుంచి వెళ్లిన బిడ్డకు మరో బరువుంది. పొలం అమ్మి చదివిస్తున్న తండ్రితో "నావల్ల కావడం లేదు" అనడానికి నోరు రాదు. అందుకే ఫోన్ చేసినప్పుడు మార్కుల సంగతి తర్వాత. తిన్నావా, నిద్రపోయావా అని ముందు అడగాలి. కష్టంగా ఉంటే నాలుగు రోజులు ఇంటికి రమ్మనాలి.

పరాయివారితో చెప్పుకోవడమే తేలికనుకునేవారికి ప్రభుత్వ టెలిమానస్ ఉంది. నంబరు 14416. రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

పెద్దాసుపత్రిలో ఆ కుర్ర డాక్టరు కనిపిస్తే ఒక మంచిమాట అనడానికీ ఖర్చు లేదు.