టెక్సాస్‌లో వృద్ధులకు ఇంటిపన్ను ఊరట

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేనందున, ప్రభుత్వ పాఠశాలల ఖర్చులో పెద్ద భాగాన్ని స్థిరాస్తి పన్నే మోయవలసి వస్తుంది. ఇంటి మార్కెట్ విలువతోపాటు ఆ భారమూ పెరుగుతుంది గాని, పింఛనుతో బతికే వృద్ధుల రాబడి అదే వేగంతో పెరగదు. అందుకే 65 ఏళ్లు నిండిన యజమాని తాను నివసించే ఇంటిపై కట్టే పాఠశాల పన్నుకు గరిష్ఠ పరిమితి ఉంది, అంటే కొత్త గదులు కట్టడం వంటి మార్పులు చేస్తే తప్ప, అర్హత పొందిన ఏడాది ఖరారైన మొత్తాన్ని ఆ పన్ను మించదు. యజమాని మరణించినా, 55 ఏళ్లు నిండిన జీవిత భాగస్వామి అదే ఇంట్లో ఉంటే ఈ రక్షణ కొనసాగడం చట్టంలోని అత్యంత మానవీయమైన అంశం. 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణలతో, పాఠశాల పన్ను లెక్కించేటప్పుడు వృద్ధుల ఇంటి విలువలోంచి తీసివేసే మినహాయింపు 2,00,000 డాలర్లకు చేరింది.

పన్నును వాయిదా వేసుకునే హక్కూ ఉన్నప్పటికీ అది మాఫీ కాదు; బకాయిపై ఏటా 5 శాతం వడ్డీ చేరి, చివరకు ఆ మొత్తం వారసుల మీద పడుతుంది కనుక, వేరే దారి లేనప్పుడే దాన్ని ఎంచుకోవడం మేలు. డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో 65 ఏళ్లు నిండిన ఇంటి యజమానులు తమ జిల్లా ఆస్తి మదింపు కార్యాలయంలో ఈ మినహాయింపు నమోదైందో లేదో వెంటనే సరిచూసుకోవాలి.