సిరాజీ పాఠంలో దాగిన బీజగణితం

మా మదరసాలో ఆలిమ్ కోర్సు చదువుతూ, ఓపెన్ స్కూలు పదవ తరగతి పరీక్షకు కూడా సిద్ధమవుతున్న ఒక విద్యార్థి కొన్ని నెలల క్రితం గణిత పుస్తకం పట్టుకుని నా వద్దకు వచ్చాడు. ‘‘హజ్రత్, సంఖ్యల గ.సా.భా. నాకు వస్తుంది. అక్షరాలు చేరేసరికి తలకెక్కడం లేదు’’ అన్నాడు. ‘ఇది నా పాఠం కాదు బేటా’ అని పంపివేయడం నాకు తేలికే. పూర్వం మరొక పిల్లవానికి అలాగే చెప్పాను. అతడు గణితంలో తప్పాడు, మళ్లీ పరీక్ష వ్రాయలేదు. ఆనాటి నా మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అందుచేత ఈసారి పుస్తకం చేతిలోకి తీసుకున్నాను.

రెండు పుటలు తిప్పేసరికి ఆశ్చర్యం కలిగింది. గరిష్ఠ సామాన్య భాజకం పేరుతో అక్కడున్నది నేను ఏటా సిరాజీలో బోధించే పాఠమే!

సిరాజుద్దీన్ సజావందీ రచించిన ఈ చిన్న గ్రంథం వారసత్వ పంపకపు శాస్త్రానికి, అనగా ఇల్మె ఫరాయిజ్‌కు సంబంధించినది. అన్నిసా సూరాలోని 11, 12, 176 ఆయతులు నిర్ణయించిన వాటాలను భిన్నాలు మిగలకుండా పంచడానికి, రెండు సంఖ్యల నడుమ ఏ సంబంధం ఉన్నదో ముందుగా తేల్చుకోవాలి. రెండూ సమానమైతే తమాసుల్. చిన్నది పెద్దదానిని నిశ్శేషంగా భాగిస్తే తదాఖుల్. రెండింటినీ మూడవ సంఖ్య ఏదైనా భాగిస్తే తవాఫుఖ్. ఒకటి తప్ప ఉమ్మడి భాజకమే లేకపోతే తబాయున్.

మృతునికి తల్లి, తండ్రి, పదిమంది కుమార్తెలు ఉన్నారనుకుందాం. ఆస్తిని 6 భాగాలు చేస్తే తండ్రికి 1, తల్లికి 1, కుమార్తెలందరికీ కలిపి 4 వస్తాయి. నాలుగు భాగాలు పదిమందికి సరిగా పంచబడవు. 4, 10ల ఉమ్మడి భాజకం 2 గనుక, పదిని రెండుతో భాగించగా వచ్చిన 5తోనే ఆరును గుణిస్తాము. మొత్తం 30 భాగాలు: తండ్రికి 5, తల్లికి 5, ఒక్కొక్క కుమార్తెకు 2. ఉమ్మడి భాజకాన్ని గమనించనివాడు పదితో గుణించి 60 చేస్తాడు. అదీ తప్పు కాదు. కాని వారసుల వరుసలు పెరిగిన కొద్దీ అనవసరంగా పెద్ద సంఖ్యలు వచ్చిపడతాయి, పొరపాటు అక్కడే దొర్లుతుంది. పొరపాటు దొర్లితే ఒక ఆడబిడ్డ హక్కు మరొకరి చేతికి పోతుంది.

ఆ విద్యార్థికి ఇక్కడి నుండే మొదలుపెట్టాను. తెలియని రాశులను ‘య’, ‘ర’ అనుకుందాం. 12య³ర², 18య²ర⁴ ఇచ్చారు. 12, 18లను భాగించే గరిష్ఠ సంఖ్య 6. ‘య’ ఒకదానిలో మూడుసార్లు, మరొకదానిలో రెండుసార్లు ఉంది. రెండింటిలోనూ తప్పక ఉన్నవి రెండే, కనుక య². అలాగే ర². గ.సా.భా. 6య²ర². దానితో భాగిస్తే 2య, 3ర² మిగులుతాయి. వాటి మధ్య ఇక ఉమ్మడి ఏమీ లేదు, అంటే తబాయున్. పిల్లలు తరచుగా పెద్ద ఘాతాన్ని ఎన్నుకుని తప్పుతారు. ‘గరిష్ఠ’ అనే మాట వారిని మోసగిస్తుంది కాబోలు.

పదాలు కూడికలతో, తీసివేతలతో కలిసి వచ్చినప్పుడు కొంత శ్రమ ఉంది. అక్కడ కూడా సిరాజీ పద్ధతే ఆదుకున్నది. 8, 20ల సంబంధం తెలియాలంటే పెద్దదాని నుండి చిన్నదానిని తీసివేస్తూ పోవాలి: 20, 12, 4, తరువాత 8 నుండి 4 తీస్తే 4. రెండూ నాలుగు వద్ద కలిశాయి, అదే ఉమ్మడి భాజకం. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ కూడా తన గ్రంథం ఏడవ భాగంలో ఈ మార్గాన్నే చెప్పాడు. బీజీయ సమాసాలకు దీనిని వర్తింపజేసినవాడు సైమన్ స్టెవిన్, 1585లో. అంతకు చాలా ముందే, 12వ శతాబ్దంలో, బాగ్దాదు వాసి అస్సమవ్అల్ ‘అల్ బాహిర్’ గ్రంథంలో ఒక బహుపదిని మరొకదానితో భాగించే విధానాన్ని పట్టికలతో చూపాడు. అసలు 820 ప్రాంతంలో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన అల్ జబ్ర్ గ్రంథంలో దాదాపు సగం వీలునామాలు, వారసత్వ లెక్కలే. బీజగణితం మనకు పరాయి విద్య అనేవారు ఆ సగాన్ని చదివి చూడాలి.

య²+5య+6, య²−9 అనే రెండు సమాసాలను తీసుకున్నాము. మొదటిదాని నుండి రెండవదానిని తీసివేస్తే 5య+15, అనగా 5(య+3). ఇక్కడ 5 వట్టి సంఖ్య, పక్కన పెట్టవచ్చు. య+3 రెండింటినీ భాగిస్తుందా? మొదటిది (య+2)(య+3), రెండవది (య−3)(య+3). భాగిస్తుంది. గ.సా.భా. య+3.

సరిచూసుకొమ్మని ‘య’ స్థానంలో 7 పెట్టించాను. 90, 40 వచ్చాయి, వాటి గ.సా.భా. 10. య+3 కూడా 10. పిల్లవాడు సంతోషించి వెళ్లాడు. ఇషా నమాజు తరువాత మళ్లీ వచ్చాడు. ‘‘హజ్రత్, 8 పెడితే 110, 55 వస్తున్నాయి. వాటి గ.సా.భా. 55. య+3 మాత్రం 11. మన లెక్క తప్పా?’’

నాకు వెంటనే జవాబు తోచలేదు. అతడిని కూర్చోబెట్టుకుని మళ్లీ వేసి చూశాను. లెక్క తప్పలేదు. య+2, య−3ల మధ్య అక్షరాలలో ఉమ్మడి ఏదీ లేదు. కాని వాటి తేడా ఎప్పుడూ 5. ‘య’ 8 అయినప్పుడు అవి 10, 5గా మారి, ఆ ఐదే వాటికి ఉమ్మడి భాజకమైంది. సమాసాల గ.సా.భా. అన్ని విలువలకూ వర్తించేది. ఒకానొక విలువ వద్ద సంఖ్యలకు అంతకంటే ఎక్కువ కలవవచ్చు. ఇది విని అతడు పలక మీది పాత లెక్క వైపు వేలు చూపాడు. మేము తీసి పక్కన పెట్టిన 5 అక్కడే ఉంది.