బీరువాలో మొక్కల గది

వంటింటి మూల చీకటిలో మరచిపోయిన బంగాళాదుంప మొలకెత్తడం అందరూ చూచినదే. ఆ మొలక తెల్లగా, సన్నగా, జానెడు పొడవున సాగి ఉంటుంది. ఆకులు విచ్చుకొనవు. దుంపలో దాచి ఉన్న పిండిపదార్థమును ఖర్చు చేస్తూ అది వెదుకుతున్నది ఒక్క వెలుతురునే. దుంపలోని నిలువ తరిగిపోయేలోగా వెలుతురు దొరకనిచో మొలక నశించును. ఆ వెలుతురును దీపములతో మనమే ఇవ్వగలమా? తలుపులు మూసిన పాత బట్టల బీరువాలో కొత్తిమీరను, పాలకూరను పెంచగలమా?

పెంచగలము. అయితే ఆకాశం ఉచితముగా ఇచ్చే వెలుతురు, గాలి, చల్లదనము బీరువాలో మనమే లెక్క కట్టి ఇవ్వవలెను. అదీగాక ఈ బీరువా ఇంటిలో పడకగది గోడకో, బడిలో తరగతి గది మూలకో నిలిచి ఉంటుంది. లోపలి ఫ్యాను రొద, దీపముల వెలుగు బయటివారిని బాధించకూడదు. ఇక్కడే అసలు చిక్కు. తలుపులు బిగించి మూస్తే వెలుగూ శబ్దమూ లోపలే ఉంటవి గాని వేడి కూడా లోపలే ఉండిపోవును. వేడి పోవుటకు కంతలు పెడితే ఆ కంతలగుండానే వెలుగు, రొద బయటకు వచ్చును. ఈ చిక్కు విడిపోయే తీరు తెలిస్తే బీరువా కట్టడం తెలిసినట్లే.

పెట్టెలో మొక్క: కొంత చరిత్ర

మూసిన పెట్టెలో మొక్కను బ్రతికించవచ్చునన్న సంగతి 1829 లో లండను వైద్యుడు నతానియేల్ వార్డుకు అనుకోకుండా తెలిసింది. ఆయన ఒక సీతాకోకచిలుక జాతి పురుగు గూటిని తడిమట్టిలో ఉంచి సీసా మూత బిగించగా, ఆ మట్టిలో ఒక ఫెర్ను, ఒక గడ్డి మొక్క మొలిచినవి. సీసాలోని తేమ పైకి లేచి, గాజుకు తగిలి చల్లబడి, మరల మట్టిలోనికే దిగుతూ వచ్చింది. ఈ సూత్రముతో చేసిన గాజు పెట్టెలలో మొక్కలు సముద్రములు దాటినవి. 1848–51 మధ్య రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుండి వేలాది తేయాకు మొక్కలను మన దేశమునకు చేర్చినది ఇట్టి పెట్టెలలోనే.

వార్డు పెట్టెలకు సూర్యుడే దీపము. పగటిని మనిషి తన చేతిలోనికి తీసుకొనడం తరువాతి మెట్టు. 1920 లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు, వేసవిలో ఎంతకూ పూయని ఒక పొగాకు రకమును రోజూ కొన్ని గంటలు చీకటి కొట్టములోనికి చేర్చి, పగటి పొడవు తగ్గించగా అది పూచినదని ప్రకటించారు. 1949 లో కాలిఫోర్నియాలో ఫ్రిట్స్ వెంట్ ఆధ్వర్యమున వెలుతురును, వేడిని, తేమను కోరినట్లు మార్చగల పరిశోధనాలయము వెలసింది. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఇటువంటిది 1997 లో ఏర్పడింది. 2015 ఆగస్టులో అంతరిక్ష కేంద్రములోని వ్యోమగాములు దీపముల వెలుగున పెరిగిన లెట్యూస్ ఆకులను తిన్నారు. మన బీరువా ఈ వంశములో మిక్కిలి చిన్న బిడ్డ.

వెలుతురు లెక్క

వెలుతురు కాంతికణముల ప్రవాహము. ఆకులోని పత్రహరితము ముఖ్యముగా నీలి, ఎరుపు కణములను పట్టుకొని, వాటి శక్తితో నీటినుండి, బొగ్గుపులుసు వాయువునుండి పిండిపదార్థమును తయారు చేస్తుంది. తెల్లని ఎల్ఈడీ దీపములో మూలము నీలి వెలుగు. అందులో కొంత భాగమును పైనున్న పూత పసుపు, ఎరుపు వెలుగులుగా మారుస్తుంది. కనుక మొక్కకు కావలసిన రెండు రంగులూ అందులో ఉన్నవి. నీలి ఎల్ఈడీని కనుగొన్నందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014 లో నోబెల్ బహుమతి లభించింది. ఈనాడు అంగడిలో దొరకే ట్యూబులైటు ఆ పరిశోధన ఫలమే.

కాంతికణములు లెక్కకు మిక్కిలి కనుక వాటిని మోలులలో కొలుస్తారు. ఒక మోలు అనగా 6 ప్రక్కన 23 సున్నాలు పెట్టినంత సంఖ్య. నడిమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుపై సెకనుకు సుమారు 2,000 మైక్రోమోలుల కణములను కురిపిస్తుంది. ఆకుకూరలకు అంత అక్కరలేదు. 150 నుండి 200 వరకు ఉండి, రోజుకు 14 గంటలు అందితే చాలును.

మన బీరువా వెడల్పు 90 సెంటీమీటర్లు, లోతు 45, ఎత్తు 180 అనుకొందాము. దాని నేల వైశాల్యము ఇంచుమించు 0.4 చదరపు మీటరు. రెండడుగుల పొడవున్న 10 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు ఆరు బిగిస్తే మొత్తము 60 వాట్లు. సామాన్యమైన తెల్లని ఎల్ఈడీ ఒక జౌలు విద్యుత్తుకు సుమారు 1.4 మైక్రోమోలుల కణములనిచ్చును. అనగా ఆరు ట్యూబులూ కలిసి సెకనుకు 84 ఇచ్చును. దీనిని 0.4 చే భాగిస్తే 210 వచ్చును. గోడలు, చట్రము మ్రింగినది పోగా 150 మిగిలినా మన పని నెరవేరును.

ఆ మ్రింగుడును తగ్గించుటకు లోపలి గోడలకు మెరుపులేని తెల్లరంగు వేయవలెను. మొక్కల కొనలకు ట్యూబులు ఒక అడుగు ఎత్తున ఉండేటట్లు గొలుసులతో వ్రేలాడదీసి, మొక్కలు ఎదిగినకొలదీ పైకి లాగుకొనవలెను.

గాలి, వేడి

బీరువాను గాలి చొరకుండా మూసినామనుకొందాము. దాని ఘనపరిమాణము సుమారు 730 లీటర్లు. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఈనాడు పదివేల పాళ్లలో నాలుగు పాళ్లకు కొంచెము ఎక్కువ. అనగా బీరువాలో ఉన్నది 0.3 లీటరు మాత్రమే. నిండుగా ఎదిగిన ఆకుకూర గంటకు అర లీటరు దాకా పీల్చుకొనగలదు. కనుక ఒక గంట తిరుగకుండానే మొక్కకు ముడిసరుకు కరవగును. దీపముల వెలుగులో ఉండి కూడా అది పస్తుండవలసినదే.

వేడి సంగతి ఇంకా ముఖ్యమైనది. ట్యూబులు తీసుకొన్న 60 వాట్లలో ఆకులలో నిలిచేది అత్యల్పము. మిగిలినదంతా చివరకు వేడిగానే తేలును. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1,200 జౌళ్లు పట్టును. లోపల గదికంటె 3 డిగ్రీలకు మించి వేడెక్కరాదనుకొంటే, 60 ని 3,600 చే భాగించగా సెకనుకు ఘనమీటరులో అరవయ్యవ వంతు గాలి మారవలెనని తేలును. అనగా గంటకు 60 ఘనమీటర్లు. ఇంత గాలితో పాటు 25 లీటర్ల బొగ్గుపులుసు వాయువు లోనికి వచ్చును. కనుక వేడికి చాలినంత గాలి ఇస్తే మొక్క ఊపిరి చింత మనకు లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫ్యాను గది గాలిని లోనికి తేగలదు గాని అంతకంటె చల్లని గాలిని పుట్టించలేదు. మేనెలలో గది 40 డిగ్రీలుంటే బీరువా 43 ఉండును. కొత్తిమీర, పాలకూర అందులో నిలువవు. వాటిని కార్తీకము మొదలు మాఘము వరకు పెంచుకొని, వేసవిలో వేడికోర్చే తోటకూర చల్లుకొనడం మేలు. ఇంటిలోనైతే వేసవిలో దీపములను పగలు ఆర్పి రాత్రి వెలిగించవచ్చును. మొక్కకు కావలసినది పగలు. అది ఏ గంటకు మొదలైనదన్న పట్టింపు దానికి లేదు.

శబ్దము

రాత్రి వెలిగించాలంటే ఫ్యాను నిశ్శబ్దముగా తిరుగవలెను. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల, 12 సెంటీమీటర్ల ఫ్యాను ఇందుకు తగినది. ఫ్యాను వేగము సగమైతే అది తోసే గాలి కూడా సగమే అగును. కాని దాని శబ్దశక్తి ఇంచుమించు వేగము యొక్క అయిదవ ఘాతమును అనుసరించును. రెండు యొక్క అయిదవ ఘాతము 32. అనగా వేగము సగమైతే శబ్దము 32 వ వంతుకు పడిపోవును. డెసిబెల్లలో చెప్పితే 15 తగ్గును. కనుక ఒక ఫ్యానును పూర్తి వేగముతో త్రిప్పుటకు బదులు రెండింటిని సగము వేగముతో త్రిప్పితే గాలి అంతే వచ్చును, శబ్దము 16 వ వంతే ఉండును. వోల్టేజి తగ్గించగల అడాప్టరు ఒకటి ఉంటే ఇది సులభము.

ఫ్యానును నేరుగా చెక్కకు మరలతో బిగించరాదు. తంబురకు కాయ చేసే పనిని ఫ్యానుకు బీరువా పలక చేయును: సన్నని కంపనమును పుచ్చుకొని గదంతా మ్రోగించును. ఫ్యానుకు, పలకకు నడుమ మెత్తని రబ్బరు ముక్కలు పెడితే ఆ కంపనము రబ్బరులోనే అణగిపోవును.

మలుపుల దారి

ఇప్పుడు మొదటి చిక్కుకు వద్దాము. వేడిగాలి పోవలెను, వెలుగు, శబ్దము పోరాదు. ఈ మూడింటి నడకలు వేరు వేరు. గాలి ఎన్ని మలుపులైనా తిరిగి పోగలదు. వెలుగు తిన్నగా పోవును. మలుపు వద్ద నల్లని గోడ ఎదురైతే అక్కడే ఇంకిపోవును. శబ్దము మలుపు తిరుగగలదు గాని, మెత్తని గోడలకు తగిలిన ప్రతిసారీ కొంత శక్తిని పోగొట్టుకొనును. కనుక గాలికి మలుపుల దారి కట్టి, ఆ దారికి నల్లని, మెత్తని పొర అంటిస్తే, గాలి ఒక్కటే బయటపడును.

బీరువా పైన ప్లైవుడ్డుతో ఒక తక్కువ ఎత్తు పెట్టె కట్టి, లోపల రెండు అడ్డుపలకలు ఎదురెదురు వైపులనుండి సగము దాటేటట్లు నిలుపవలెను. గాలి పాము వలె వంకర తిరిగి పోవును. లోపలి గోడలకు నల్లరంగు వేసి, దానిపై నల్లని ఊలు కంబళి ముక్కలు అంటించవలెను. ఫ్యానులు ఈ పెట్టె మొదట ఉండి లోపలి గాలిని బయటకు లాగవలెను. గాలి లోనికి వచ్చుటకు బీరువా అడుగున వెనుకవైపు ఇటువంటిదే మరొక పెట్టె కావలెను. దారి ఎక్కడా ఇరుకు కారాదు. ఇరుకైన చోట గాలి ఈల వేయును.

వెలుగును ఆపుట మనుషుల నిద్ర కొరకే కాదు. చేమంతి వంటి మొక్కలు రాత్రి పొడవును లెక్కపెట్టి పూచును. రాత్రి నడుమ కొంతసేపు వెలుగు సోకితే వాటి లెక్క తప్పును. చిక్కబళ్లాపురము ప్రాంతపు రైతులు చేమంతి తోటలలో రాత్రిపూట దీపములు వెలిగించి పూతను వెనుకకు నెట్టుట ఈ గుణము తెలిసియే. అంచేత వెలుగు బయటకు పోని దారి, బయటి వెలుగు లోనికి రాని దారి కూడా అగును. తలుపుల అంచుకు నల్లని రబ్బరు పట్టీ అంటిస్తే పని ముగిసినట్లే.

జాగ్రత్తలు

నీరు, విద్యుత్తు ఒకే పెట్టెలో ఉండడం సామాన్య విషయము కాదు. విద్యుత్తు పరికరములన్నీ పైన, నీరు క్రింద ఉండవలెను. అడాప్టరు, టైమరు, స్విచ్చి బీరువా వెలుపలే ఉంచవలెను. తీగ లోనికి పోయే చోట క్రిందికి ఒక వంపు వదలితే, దానివెంట జారిన నీటిచుక్క స్విచ్చి వైపు పోక ఆ వంపు వద్దనే రాలిపోవును. కరెంటు దారితప్పి భూమిలోనికి కారితే వెంటనే సరఫరాను ఆపే ఆర్‌సీసీబీ ఈ లైనులో తప్పక ఉండవలెను. ఇనుప బీరువా అయితే దానికి ఎర్తు తీగ కలిపి తీరవలెను. తీగల పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయించవలెను, విద్యార్థులకు వదలరాదు. బడిలో ఎవరూ లేని రాత్రులు దీపములు వెలిగించి ఉంచరాదు. అక్కడ పగటివేళ పదిగంటల వెలుతురుతో సరిపెట్టుకొనవలెను.

లాభమెంత?

రోజుకు 14 గంటలు వెలిగితే 60 వాట్ల దీపములకు నెలకు 25 యూనిట్లు అగును. బదులుగా వచ్చేదేమి? ఆకులకు రోజుకు సుమారు 3 మోలుల కణములు అందును. ఒక బొగ్గుపులుసు వాయువు అణువును పట్టుటకు పది కణములు పట్టుననుకొంటే, 0.3 మోలు వాయువు, అనగా 9 గ్రాముల పిండిపదార్థము తయారగును. అందులో మొక్క తన శ్వాసకు, వేళ్లకు వాడుకొన్నది పోను మూడు నాలుగు గ్రాములు ఆకులలో మిగిలితే గొప్ప. ఆకులో పదింట తొమ్మిది పాళ్లు నీరే కనుక, అది ముప్పై నలభై గ్రాముల పచ్చి ఆకు. నేల నిండుగా పచ్చబడిన రోజులలో, అన్నీ కుదిరితే, రోజుకు ఒక చిన్న కొత్తిమీర కట్ట! ఎండపొడ తగిలే పెరడు ఉన్నవారికి బీరువా అక్కరలేదు. ఎండ రాని ఇరుకు ఇండ్లవారికి అది ఒక వేడుక, కొంత వాసన, కొంత రుచి.

బడికి మాత్రము దీని విలువ వేరు. పొలములో ఎండ, వాన, గాలి ఒకేసారి మారును. ఏది దేనికి కారణమో విడదీయుట కష్టము. బీరువాలో ఒక్కదానిని మార్చి తక్కినవి నిలుపవచ్చును. 2018 లో ప్రకటించిన ఒక పద్ధతిలో శాస్త్రజ్ఞులు రోజుకు 22 గంటల వెలుతురిచ్చి, గోధుమను, శనగను ఒక్క ఏడాదిలో ఆరు తరముల దాకా పండించగలిగారు. కొత్త వంగడమునకు పట్టే ఏండ్లు ఆ మేరకు తగ్గును.

విద్యార్థులు మొదటి ప్రయోగముగా ఇది చేయవచ్చును. ఒకే కొలత మట్టి పోసిన రెండు కుండీలలో ఒకే సంఖ్యలో ఆవాలు చల్లి, ఒకదానిని దీపములకు ఒక అడుగు క్రింద, మరొకదానిని మూడడుగుల క్రింద ఉంచవలెను. చేతిఫోనులోని కాంతిమాపకముతో రెండు చోట్లా లక్సులను కొలిచి వ్రాసుకొనవలెను. ఆ కొలత నిక్కచ్చి కాదు గాని పోల్చుటకు చాలును. దూరము మూడురెట్లైనప్పుడు వెలుతురు తొమ్మిదవ వంతుకు పడిపోయినదా? పడిపోలేదని కనుగొందురు, కారణము తెల్లని గోడలు, పొడవైన దీపములు. పది రోజుల తరువాత కాడల పొడవును కొలిస్తే, క్రింది కుండీలోనివే పొడుగుగా ఉండును. అవి బాగా పెరిగినవని మురిసిపోరాదు. వంటింటి మూలనున్న బంగాళాదుంప మొలక వలె అవి వెలుతురు కొరకు సాగుతున్నవి. ఏ కుండీ నిజముగా బలిసినదో తెలియవలెనంటే మొక్కలను పెరికి, కడిగి, ఎండబెట్టి తూచవలెను. కంటికి కనిపించే పొడవు ఒకటి చెప్పును, త్రాసు మరొకటి చెప్పును.