2520కి అంటగట్టిన మహిమ

డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు, దగ్గరపడిందంటే చాలు, వాట్సాప్‌లో 2520 నిద్ర లేస్తుంది. ఒకటి నుంచి పది దాకా దేనితో భాగించినా శేషం మిగలని సంఖ్య ఉండనే ఉండదని గణితవేత్తలంతా చేతులెత్తేశారట, రామానుజన్ వచ్చి దీన్ని కనిపెట్టాడట. వారానికి 7 రోజులు, నెలకి 30, ఏడాదికి 12 నెలలు గుణిస్తే వచ్చేది ఇదేనట, అసలు రహస్యం అక్కడుందట. ఈ కథ ఫోన్లలోనే ఉంటే పోనీలే అనుకోవచ్చు. బడిలో గణిత దినోత్సవ ప్రసంగాల్లోకీ ఎక్కింది. ఆరో తరగతిలో నేర్పే క.సా.గు.ని పిల్లలకి మహిమగా అప్పజెబుతున్నామన్నమాట.

కాగితం మీద 8 రాయండి, 2, 4 అందులోనే ఇమిడిపోయాయి. 9తో గుణిస్తే 72, దాంతో 3, 6 తీరిపోయాయి. 5తో గుణిస్తే 360, పిలవకుండానే 10 కూడా వచ్చి చేరింది. మిగిలింది 7 ఒక్కటే. 360ని ఏడుతో గుణిస్తే 2520. మూడు గుణకారాలు, అంతే. పైగా ఇలాంటి సంఖ్య ఇదొక్కటే కాదు. 5040, 7560, 10080 అంటూ 2520 ఎక్కం చదివినంత దూరం ఉన్నాయి. అసాధ్యం అనుకున్నారనడం మరీ విడ్డూరం. ప్లేటో ‘లాస్’ గ్రంథంలో తన ఆదర్శ నగరానికి 5040 కుటుంబాలని లెక్క కట్టాడు. అది ఒకటి నుంచి పది దాకా అన్నిటితోనూ భాగించబడుతుందని కారణం కూడా చెప్పాడు. రామానుజన్ పుట్టడానికి రెండువేల రెండొందల ఏళ్లకు పైగా ముందు సంగతిది. ఇక 7, 30, 12ల గుణకారం సరైనదే, కావలసిన 2లూ 3లూ 5, 7లూ వాటిలో ఉన్నాయి కాబట్టి. కానీ వారంలో రోజుల్ని నెలలో రోజులతో గుణిస్తే వచ్చేది దేని కొలత? మన చాంద్రమాన సంవత్సరమే 360 రోజులు కాదు, సుమారు 354. అందుకే అధికమాసం వస్తుంది. పంచాంగం చూసేవాళ్లు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు!

అయితే ఒకటి ఒప్పుకోక తప్పదు. రామానుజన్‌కీ 2520కీ అసలు సంబంధమే లేదనలేం. తనకంటే చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద ఆయన 1915లో పెద్ద వ్యాసం ప్రచురించాడు. 48 కారణాంకాలున్న 2520 ఆ కోవలోదే. ఆ జాతిలో తర్వాత వచ్చే ప్రతి సంఖ్యనీ అది నిశ్శేషంగా భాగిస్తుంది. ఈ గుణం 1, 2, 6, 12, 60, 2520లకు తప్ప మరి దేనికీ లేదు. ఆయన పట్టిక 6746328388800 దాకా వెళ్తుంది. దానికి 10080 కారణాంకాలు. కంప్యూటర్ లేని రోజుల్లో చేసిన ఆ పనిలో 293318625600 ఒక్కటి జారిపోయింది. చిత్రమేమిటంటే, పట్టికలో చివరి సంఖ్య దానికి సరిగ్గా 23 రెట్లు. ఆయన చేసిన ఈ పని వదిలేసి చెయ్యనిది ఆయన నెత్తిన పెట్టడం ఏం గౌరవం?

ఇలా మహిమ అంటగట్టిన సంఖ్యలు ఇంకా ఉన్నాయి. రామానుజన్ పేరుతో చెప్పుకునే 1729ని రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయొచ్చని ఫ్రాన్సులో ఫ్రెనికల్ 1657లోనే గుర్తించాడు. 142857కి దైవశక్తి ఏమీ లేదు, ఒకటిని ఏడుతో భాగిస్తే మళ్లీ మళ్లీ వచ్చే అంకెలవి.

కథ అబద్ధమైనా పిల్లలకి లెక్కల మీద ఆసక్తి కలిగిస్తుంది కదా అంటారు. ఆసక్తి కలిగేది ఆశ్చర్యపోయి నోరు తెరిచినప్పుడు కాదు, తామే రాబట్టినప్పుడు. ఈసారి ఫార్వర్డ్ వస్తే పిల్లాడి చేతికి పెన్సిలిచ్చి, పన్నెండు దాకా పనిచేసే సంఖ్యని అడగండి. 27720 దగ్గర ఆగుతాడు. పదకొండు కోసం మళ్లీ గుణించాల్సి వచ్చిందే, పన్నెండు ఊరికే ఎలా వచ్చిందో చెప్పమనండి.