ఇంటిపేరు అడిగే పట్నం

నేను ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించిన నాటి నుంచి మా ఇంట్లో ఒకటే చర్చ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తన దగ్గరికి వచ్చేయమంటాడు. ‘ఇంకా ఆ బేతంచెర్లలో ఏముంది నాయనా?’ అన్నది అతని ప్రశ్న. చిన్న పట్నంలోని మంచిచెడులను తూచేవారు తక్కువ ఖర్చు, నడిచిపోయేంత దూరంలో బజారు, పలకరించే మనుషులను ఒకవైపు వేస్తారు. పెద్దాసుపత్రి కోసం నంద్యాలకో కర్నూలుకో పరుగెత్తవలసి రావడం, చదివిన పిల్లలకు తగిన కొలువు దొరకకపోవడం మరోవైపు వేస్తారు. దళితుడు తన తక్కెడలో వీటితోపాటు కులాన్ని కూడా వేసి చూసుకోవలసి ఉంటుంది.

నేను పుట్టింది ఇక్కడికి కొద్ది దూరంలోని ఒక పల్లెలో, మాదిగవాడలో. టీ కొట్టులో మాకు వేరే గ్లాసులుండేవి. తాగి, కడిగి, బోర్లించి రావాలి. మా నాయన జీతమున్న ఆసామి చేనే మా కూటికి ఆధారం గనుక ఆ గ్లాసు గురించి నోరెత్తే స్తోమత మాకు లేదు. ఒక కరువు ఏడాది ఆయన బేతంచెర్ల నాపరాతి గనిలో కూలికి చేరాడు. గుంతకల్లు–నంద్యాల రైలుమార్గం మీది ఈ ఊరికి బండలే బతుకుదెరువు. వారం వారం చేతికొచ్చిన కూలి డబ్బు ఆయన్ను ఆసామి నీడ నుంచి బయటికి తెచ్చింది. బజారు హోటల్లో అందరూ తాగే గ్లాసులోనే ఆయన టీ తాగాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతిని మా అమ్మకు రెండుసార్లు చెప్పాడు.

ఇది మా ఒక్క ఇంటి అనుభవం కాదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికి నెలవుగా ఎందుకు తప్పుపట్టారో మా నాయనకు ఎవరూ బోధించనక్కరలేకపోయింది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హత్యకు గురైనప్పుడు బతికి బయటపడిన కుటుంబాలు చేరుకున్నది మహానగరాన్ని కాదు, పక్కనే ఉన్న చీరాలను. వారిలో చాలామంది మళ్ళీ ఊరికి పోకుండా అక్కడే కాలనీ కట్టుకొని నిలిచారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. పల్లె తరిమినవారికి చిన్న పట్నం ఇచ్చిన తావు అంతటిది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు చేతకాదు.

అయితే ఆ తావుకూ ఒక హద్దు ఉంది. ఉద్యోగరీత్యా ఇక్కడికి బదిలీ అయి వచ్చినప్పుడు నేను అద్దె ఇంటి కోసం తిరిగాను. ఒక ఇంటి యజమాని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ‘ఏ ఊరు సార్ మీది? ఇంటిపేరేంది?’ అని అడిగాడు. చెప్పాను. ‘ఇంట్లో ఒక మాట అడిగి చెప్తాం సార్’ అన్నాడు. మరునాడు పోతే చుట్టాలకు ఇచ్చేశామన్నాడు. ఆ తర్వాత నెల రోజులు ఆ గోడ మీద ‘అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు అలాగే వేలాడింది. మహానగరంలో ఇంటిపేరు చెబితే ఏమీ తెలియకపోవచ్చు. ఇక్కడ ఊరి పేరు, ఇంటిపేరు కలిస్తే చాలు, కులం బయటపడుతుంది. మనిషిని మనిషి ఎరిగి ఉండటమనే చిన్న పట్నపు సుగుణమే మా పాలిట కాపలాదారు అవుతుంది.

రాజ్యాంగంలోని 15వ అధికరణ రెండో క్లాజును ఒకసారి చదవండి. దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, రోడ్లు – వీటిలో ఎవరినీ కులం పేరిట అడ్డుకోరాదని అది చెబుతుంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. బేతంచెర్లలో నాకు తెరుచుకున్నవన్నీ ఆ జాబితాలో ఉన్నవే. మూసుకున్నది అందులో లేని తలుపు. 17వ అధికరణ అస్పృశ్యతను రద్దు చేసిన మాట నిజమే. కానీ ‘చుట్టాలకు ఇచ్చేశాం’ అన్న మాటలో కులం ప్రస్తావనే లేనప్పుడు ఏ ఠాణాలో ఏమని రాసివ్వాలి?

పని దగ్గరా అంతే. నేనెరిగిన గనుల్లో బండను పగలగొట్టేది ఎక్కువగా వడ్డెరలు, మాదిగలు, బోయలు. పాలిష్ యంత్రాల దగ్గర రాతి దుమ్ము పీల్చేదీ ఇటువంటి పేదలే. గని లీజు కాగితం మీద వారి పేర్లు అరుదు. 2021 నవంబర్‌లో ఇక్కడ నగర పంచాయతీకి ఎన్నికలు జరిగాయి. రిజర్వేషన్ వల్ల మావాళ్ళు కొందరు కౌన్సిల్‌లో కూర్చోగలరు, అది లాభమే. కానీ 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబాలకే పరిమితమైంది. ఊరు పట్నంగా మారిన చోట గని ఆగిన రోజుల్లో కూలికి ఆ ఆసరా కూడా తప్పిపోతుంది.

మరి హైదరాబాద్ పోదామా? మా అబ్బాయి అక్కడ ఇల్లు వెతికినప్పుడు ఇంటిపేరు అడగలేదట. ‘మీరు నాన్‌వెజ్ తింటారా?’ అని అడిగారట. అదే ప్రశ్నకు అక్కడ పట్నపు చొక్కా తొడిగారు, అంతే.

అందుకే నేను ఇక్కడే ఉండదలచాను. మా నాయన టీ తాగిన బజారును వదిలిపోవడానికి మనసొప్పక మాత్రమే కాదు, ఇంకా తెరుచుకోని తలుపు ఏదో నాకు తెలిసింది ఇక్కడే గనుక. పాలకులను నేను కోరేది రెండే. ఇళ్ళ స్థలాలిచ్చేటప్పుడు మాలపల్లెను, మాదిగవాడను పట్నం అంచుకు తరలించి ‘కాలనీ’ అని పేరు మార్చవద్దు; అన్ని కులాల ఇళ్ళ నడుమ, అన్ని వార్డుల్లో మాకూ జాగా ఇవ్వండి. అద్దె ఇంటి విషయంలో కుల వివక్షను నేరంగా స్పష్టంగా పేర్కొనే చట్టం తెండి. మా మనవరాలు రేపు ఏ కొలువు మీదో ఈ ఊరికి వస్తే, ఇంటి యజమాని ఆమెను నెలకు ఎంత ఇవ్వగలవని మాత్రమే అడగాలి.